హోనస్ వాగ్నరు చరిత్రము

ఆటలయందాసక్తి గల నలుగురు ఒకచోట చేరినచో, ఆటగాండ్రలో నెవడు గొప్పవాడను వాదము పుట్టక మానదు. మన విద్యార్థులు క్రికెట్టును గూర్చియు ఫుట్ బాలును గూర్చియు వాదించుకొనునట్లే, అమెరికా దేశీయులు బేస్ బాలను తమ ఆటను గూర్చి వాదించుకొందురు. ఆ వాదములలో చాల కాలమునుండి నడచుచు నేటికిని తెగక యున్నది యొకటి కలదు. షార్ట్ స్టాపు స్థానమున నిలిచి బంతిని ఆపినవారిలో నెల్లరకంటె నెవడు శ్రేష్ఠుడు అనునదే ఆ వాదము. అందు మొట్టమొదట వినబడు పేరులలో హోనస్ వాగ్నరుది యొకటి. ఆతని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగ దెలిపి, పిదప ఆ వాదములో మాకు తోచిన తీర్పును చెప్పుట ఈ వ్యాసముయొక్క యుద్దేశ్యము.

ఆ యాటను చూడనివారి కొరకు ముందుగ నొకటి రెండు మాటలు చెప్పవలసి యున్నది. బేస్ బాలునందు ఒక్కొక్క జట్టున తొమ్మండుగురు ఆటగాండ్రుందురు. మైదానమున నాలుగు మూలలుగ నాలుగు స్థానములు ఏర్పరుపబడి యుండును. వీనిని బేసులందురు. ఒక బేసునకును దాని ప్రక్క బేసునకును నడుమ దూరము 90 అడుగులు. బ్యాటు పట్టినవాడు బంతిని కొట్టి, బేసులను వరుసగ దాటి, బయలుదేరిన చోటికి మరల చేరినచో ఒక పరుగు లెక్కకు వచ్చును. రెండవ బేసునకును మూడవ బేసునకును నడుమ కావలి నిలుచువాడే షార్ట్ స్టాపు. కుడిచేతివాటము గలవారు కొట్టిన బంతులు ఎక్కువగ ఆ వైపునకే వచ్చును. నేలబారుగ దూసికొని వచ్చు బంతిని వంగి పట్టుకొని, నూరడుగులకు పైబడిన దూరమున నున్న మొదటి బేసునకు, కొట్టినవాడు పరుగెత్తి చేరుటకు ముందే విసరవలెను. దీనికంతకు నుండు వ్యవధి సుమారు నాలుగు సెకండ్లు మాత్రమే. క్రికెట్టునందు కవర్ పాయింటున నిలుచువానికి కావలసిన చురుకుదనమును, వికెట్ కీపరునకు కావలసిన చేతుల నేర్పును ఒక్కనియందే కూర్చిన యెడల వాడు షార్ట్ స్టాపునకు తగినవాడగును.

వాగ్నరు 1874వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమున పిట్స్ బర్గు పట్టణమునకు చేరువనున్న చార్టియర్సు గ్రామమున జన్మించెను. ఆ యూరు ఇప్పుడు కార్నెగీ అను పట్టణములో చేరియున్నది. తలిదండ్రులు జర్మను దేశమునుండి వలసవచ్చిన పేదవారు. తండ్రి బొగ్గుగనిలో కూలి. వారికి తొమ్మండుగురు బిడ్డలు కలుగగా అందు అయిదుగురు మాత్రమే బ్రతికిరి. మన కథానాయకుని నిజనామము యోహానెస్ పీటరు. జర్మను కుటుంబములలో ఆ పేరును ముద్దుగ కుదించి పిలుచుట వాడుక గనుక ఇతనికి హోనస్ అను పేరు నిలిచెను. పండ్రెండేండ్ల ప్రాయముననే ఇతడు బడి మానుకొని, తండ్రితోను అన్నదమ్ములతోను గనిలోనికి దిగెను. మన విద్యార్థులు పలకయు పుస్తకమును చేతబట్టుకొని బడికి పోవు వయస్సున ఇతడు భూమి కడుపున బొగ్గు త్రవ్వుచుండెనని తలచుకొన్నచో, తరువాతి కథకు విలువ హెచ్చును.

పని లేని వేళల అన్నదమ్ములందరును బేస్ బాలు ఆడుకొనెడివారు. అన్నయగు ఆల్బర్టు ఆటలో పేరు పొందినవాడు. 1895వ సంవత్సరమున ఒహాయో రాష్ట్రములోని స్టూబెన్ విల్లు జట్టునకు ఆటగాడు కావలసి వచ్చినప్పుడు ఆ యన్నయే తమ్ముని పేరు చెప్పి పని యిప్పించెను. మరుసటి యేడు ఎడ్ బారో అను జట్టు యజమాని ఇతనిని పేటర్సను పట్టణపు జట్టులోనికి చేర్చుకొనెను. ఇతడు రైలుపట్టాల దగ్గర బొగ్గుగడ్డలను గురి తప్పక చాల దూరము విసరుచుండగా బారో చూచి ఆశ్చర్యపడెనని యొక కథ కలదు. 1897 జూలైలో లూయివిల్లు జట్టు తరఫున ఇతడు అగ్రశ్రేణి ఆటలో అడుగిడెను. 1900వ సంవత్సరమున ఆ జట్టు అంతరింపగా దాని యజమానియగు బార్నీ డ్రైఫసు తన మేటి ఆటగాండ్రను వెంటబెట్టుకొని పిట్స్ బర్గునకు వచ్చెను. ఆ విధముగ వాగ్నరు తన పుట్టినయూటికి దగ్గరనున్న జట్టులోనికే చేరి, 1917 వరకును దానిని విడువలేదు.

పువ్వు పుట్టగనే పరిమళించునన్న లోకోక్తి ఇతని యాకారమును చూచినవారికి జ్ఞప్తికి వచ్చెడిది కాదు. దొడ్డికాళ్ళు, పీపావంటి యెదురురొమ్ము, మోకాళ్ళవరకు వ్రేలాడునట్లు కనబడు పొడవైన చేతులు, పారలవంటి అరచేతులు. నడచునప్పుడు మొద్దువలె తోచెడివాడు. అట్టివాడు బంతి కదలిన మరుక్షణమున మెరుపువలె కదలెడివాడు. ఇతని వేగమునకు జనులు ఎగిరిపోవు డచ్చివాడను బిరుదు నిచ్చిరి. జర్మనులను కూడ డచ్చివారని పిలుచుట ఆ కాలపు అమెరికావారి వాడుక. నేలనుండి బంతిని ఎత్తునప్పుడు ఇతని పెద్ద చేతులలోనికి మన్నును గులకరాళ్ళును కూడ వచ్చెడివనియు, వానితో సహా బంతిని మొదటి బేసునకు విసరెడివాడనియు, అచ్చటి ఆటగాడు ధూళిలోనుండి బంతిని ఏరుకొనవలసి వచ్చెడిదనియు నాటివారు ముచ్చటగ చెప్పుకొనిరి.

విచిత్రమేమనగా ఇతడు మొదటినుండియు షార్ట్ స్టాపు కాడు. బ్యాటరు వెనుక నిలుచు క్యాచరు స్థానము తప్ప తక్కిన స్థానములన్నిటను ఏదో యొకప్పుడు ఆడినవాడు. జట్టునకు ఎచ్చట కొరత యుండిన అచ్చట నిలుచుటయే ఇతని పద్ధతి. 1903వ సంవత్సరమున, అనగా ఇరువదితొమ్మిదవ యేట, షార్ట్ స్టాపు స్థానమున స్థిరపడెను. ఆ వయస్సున ఇతరులు ఆటనుండి విరమించుకొను ఆలోచన చేయుదురు. ఇతడు క్రొత్త పనికి పూనుకొని నలుబది దాటువరకును దానిని విడువలేదు.

ఆ 1903వ సంవత్సరమే ఇతని జీవితములో మిక్కిలి చేదైన సంవత్సరము. రెండు పెద్ద లీగుల విజేతలకును మొట్టమొదటిసారిగ ప్రపంచ పోటీ ఆ యేటనే జరిగెను. పిట్స్ బర్గును బోస్టనును తలపడెను. తొలి నాలుగు ఆటలలో మూడింటిని పిట్స్ బర్గు గెలిచి, పిమ్మట వరుసగ నాలుగింటిని ఓడిపోయెను. తుదకు బోస్టను 5 ఆటలు, పిట్స్ బర్గు 3 ఆటలు గెలిచినట్లు తేలెను. ఆ యేడు తన లీగులో బ్యాటుపట్టిన వారందరిలో మొదటివాడుగ నిలిచిన వాగ్నరు ఈ పోటీలో అంతంతమాత్రముగనే కొట్టెను. అంతకంటె బాధాకరమైనది, బంతి నాపుటలో ఆరు పొరపాట్లు చేసెను. కడపటి ఆటలో కడపటి బ్యాటరును ఇతడే. బంతి తగులక వెనుదిరిగెను. కాలికి దెబ్బ తగిలియున్నను దానిని సాకుగ జూపి తప్పుకొనలేదు. తరువాత బ్యాటింగులో శ్రేష్ఠులైనవారి పటములను ప్రదర్శింపదలచినవారు ఇతని పటము నడుగగా, తన ఆట ఆ గౌరవమునకు తగినట్లు లేదని సిగ్గుపడి పంప నిరాకరించెనట. సహాయకుల పొగడ్తకంటె తన మనస్సాక్షి తీర్పునకే ఎక్కువ విలువ నిచ్చినవాడని దీనివలన తెలియుచున్నది.

ఆ మచ్చ తుడుచుకొనుటకు ఆరేండ్లు పట్టెను. 1909వ సంవత్సరమున పిట్స్ బర్గు మరల ప్రపంచ పోటీకి వచ్చెను. ఎదుటిది డెట్రాయిటు జట్టు. దాని నాయకమణి ఇరువది రెండేండ్ల టై కాబ్. నాటి ఆటగాండ్రలో వాగ్నరుతో సరితూగదగినవాడు ఇతడొక్కడే యని జనులనుకొనిరి. వాగ్నరునకు అప్పుడు ముప్పదియైదేండ్లు. ఏడు ఆటలు జరిగి, పిట్స్ బర్గు నాలుగింటిని గెలిచెను. వాగ్నరు కొట్టిన సగటు .333 కాగా, కాబుది .231. బేసులను దొంగిలించుట యనునది ఈ యాటలో నొక విద్య. బంతి విసరువాడు ఏమరియున్న సమయమున తరువాతి బేసునకు పరుగెత్తి చేరుటయే అది. ఆ పోటీలో వాగ్నరు ఆరు బేసులను దొంగిలించెను. ఆరు పొరపాట్లు చేసి తలవంచుకొని పోయినవాడు ఆరేండ్లకు తలయెత్తుకొని తిరిగి వచ్చెను.

ఇతని బ్యాటింగును గూర్చి చెప్పవలసినది చాల కలదు గాని ఒకటి రెండు మాటలతో ముగింతుము. 1900 మొదలు 1911 వరకు ఎనిమిది మారులు ఇతడు తన లీగులో అత్యధిక సగటు గలవాడుగ నిలిచెను. ఆటనుండి విరమించునాటికి 3,400కు పైబడిన హిట్లును, 720కి పైబడిన దొంగిలించిన బేసులును ఇతని లెక్కలో నుండెను.

ఇతని పేరు నేడు ఆట తెలియనివారి చెవులకు కూడ సోకుటకు వేరొక కారణము కలదు. 1909వ సంవత్సరమున అమెరికను టొబాకో కంపెనీవారు సిగరెట్టు పెట్టెలలో ఆటగాండ్ర పటములను ముద్రించి పెట్టుటకు పూనుకొనిరి. వాగ్నరు తన పటము నందు వేయరాదనెను. పిల్లలు తన బొమ్మ కొరకు సిగరెట్లు కొనుట ఇతనికి సమ్మతము కాదని పలువురు చెప్పుదురు. తగిన ప్రతిఫలము ఈయనందువలననే వలదనెనని మరికొందరందురు. ఇతడు పొగాకు నెరుగనివాడు కాడు. పుగాకు నమలుటయు చుట్ట కాల్చుటయు ఇతనికి అలవాటే. తన పేరును వస్తువులపై వేయనీయనివాడును కాడు. 1905వ సంవత్సరమున బ్యాటుపై తన సంతకమును ముద్రించుటకు ఒప్పుకొన్న మొదటి ఆటగాడు ఇతడే. అట్లయినను సిగరెట్టు పెట్టెకు మాత్రము తన ముఖము నీయలేదు. ఇతని యనుమతి సంపాదించిన యెడల పది డాలర్లు పొందవలసియున్న పిట్స్ బర్గు పత్రికావిలేఖరి జాన్ గ్రూబరునకు, ఆ నష్టము కలుగకుండుటకై తానే పది డాలర్ల చెక్కు పంపెనని 1912వ సంవత్సరమున పత్రికలో వెల్లడియైనది. ప్రతిఫలమే ముఖ్యమైనచో తన చేతి సొమ్మును ఎదురిచ్చుట యెందులకు అని మాకు తోచుచున్నది. అచ్చువేయుట ఆపివేయుటచే ఆ పటములు కొలదిగనే మిగిలినవి. వానిలో నొకటి 2022వ సంవత్సరమున 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయెను.

1917వ సంవత్సరమున ఆట విడిచిన పిమ్మట వాగ్నరు తన యూరనే కాపురముండెను. 1916 చివర వివాహమాడిన బెస్సీతో సంసారము సాగించెను. మొదటి శిశువు ప్రాణము లేకయే పుట్టెను. తరువాత ఇద్దరు కుమార్తెలు కలిగిరి. కార్నెగీ సాంకేతిక కళాశాల విద్యార్థులకు ఆటలు నేర్పెను. క్రీడాసామగ్రి అంగడి నడపెను. అమెరికా దేశమున వర్తకములు క్షీణించి దారిద్ర్యము ప్రబలిన దినములలో, 1933వ సంవత్సరమున, పిట్స్ బర్గు జట్టువారు ఇతనిని శిక్షకుడుగ పిలిచిరి. అప్పుడు ఆ జట్టున ఆర్కీ వాన్ అను యువకుడు షార్ట్ స్టాపుగ నుండెను. వాడు కొట్టుటలో దిట్టయైనను పట్టుటలో పొరపాట్లు విస్తారముగ చేయుచుండెను. వాగ్నరు ఆ యువకుని దగ్గర నుంచుకొని పని నేర్పెను. వాన్ తరువాత మంచి షార్ట్ స్టాపై, 1985వ సంవత్సరమున కీర్తిమందిరమున స్థానము పొందెను. వాగ్నరు 1951 వరకును శిక్షకుడుగ నుండెను.

కూపర్స్ టవునునందలి కీర్తిమందిరమునకు 1936వ సంవత్సరమున మొదటి యెన్నిక జరిగినప్పుడు ఎన్నుకొనబడినవారు అయిదుగురు మాత్రమే. కాబునకు 222 ఓట్లు, వాగ్నరునకును బేబ్ రూతునకును సమానముగ 215 ఓట్లు వచ్చినవి. 1955 ఏప్రిల్ 30వ తేదీన పిట్స్ బర్గు మైదానమునకు చేరువ తోటలో ఇతని విగ్రహమును స్థాపించిరి. వృద్ధుడైన వాగ్నరు దానిని కన్నులార చూచి, అదే సంవత్సరము డిసెంబరు 6వ తేదీన ఎనుబదియొకటవ యేట తన యింటనే కన్నుమూసెను.

ఇక వాదమునకు వత్తము. బంతి నాపుటలో ఎల్లరకంటె మిన్న యెవడు? పొరపాట్ల లెక్కనే ప్రమాణముగ గొన్నచో వాగ్నరు వెనుకబడును. ఇతని దగ్గరకు వచ్చిన నూరు అవకాశములలో సుమారు 94 ఫలించినవి. 1978 మొదలు 1996 వరకు ఆడిన ఓజీ స్మిత్తునకు నూటికి సుమారు 98 ఫలించినవి. అయినను ఈ లెక్కలో రెండు లోపములు కలవు. మొదటిది పనిముట్ల భేదము. వాగ్నరు కాలపు చేతితొడుగు నేటిదానివలె వెడల్పైన తోలుబుట్ట కాదు. అరచేతిని కప్పు చిన్న తొడుగు మాత్రమే. మైదానములు గతుకులు. ఒకే బంతి మట్టికొట్టుకొని నల్లబడినను దానితోనే ఆట సాగెడిది. రెండవది, కదలక నిలుచువానికి పొరపాటు వ్రాయబడదు. తనకు దూరముగ పోవు బంతిని వెంబడించి చేతితో తాకి జారవిడిచినవాని పేరనే పొరపాటు పడును. కావున పొరపాట్లు తక్కువయగుట ఒక్కొక్కప్పుడు నేర్పునకు గుర్తు, ఒక్కొక్కప్పుడు సోమరితనమునకు గుర్తు.

తరువాతి కాలములో ఈ స్థానమును అలంకరించినవారు పలువురు కలరు. బంతిని బొడ్డుదగ్గర బుట్టవలె చేతులు పట్టి అందుకొనిన మారన్ విల్లు. పొడవైన చేతులచే ఆక్టోపసను పేరు వడసి 1944వ సంవత్సరమున తన లీగులో ఉత్తమ ఆటగాడని యెన్నికైన మార్టీ మారియను. వెనెజువెలా దేశమునుండి వచ్చి తొమ్మిది బంగారు తొడుగుల బహుమతులు పొందిన అపారిసియో. బ్యాటుతో నెంత దుర్బలుడైనను చేతుల నేర్పుచేతనే పదునెనిమిది యేండ్లు జట్టులో నిలిచిన బెలాంజరు వీరిలో చేరినవారు. ఓజీ స్మిత్తు 1980 మొదలు 1992 వరకు వరుసగ పదమూడు మారులు ఆ బహుమతి పొందెను. 1980వ సంవత్సరమున ఒక్క యేటనే 621 మారులు బంతిని విసరి ఎదుటివారిని వెలువరించుటలో తోడ్పడెను. ఈ లెక్కను ఏ షార్ట్ స్టాపును అంతకు ముందు చేరలేదు. బంతి నాపుట యొక్కటే విచారించినచో స్మిత్తునకే పట్టము కట్టవలెనని మేమును ఒప్పుకొందుము.

అయితే ఈ వాదమున నెల్లప్పుడు ఖాళీగ మిగులు పీఠమొకటి కలదు. వాగ్నరు కాలముననే ఫ్లోరిడా రాష్ట్రమున 1884వ సంవత్సరమున పుట్టిన జాన్ హెన్రీ లాయిడ్ అను నీగ్రో జాతీయుడు అపూర్వమైన షార్ట్ స్టాపుగ పేరొందెను. ఇతనివి కూడ పెద్ద చేతులే. ఇతడును బంతితోపాటు మన్ను నెత్తి విసరెడివాడు; అందుచే క్యూబా దేశీయులు ఇతనికి గరిటె యను పేరు పెట్టిరి. జనులితనిని నల్ల వాగ్నరని పిలిచిరి. ఆ పోలిక తనకు గౌరవమని వాగ్నరే తలచెనట. కాని ఆ యిరువురును ఒకే లీగున ఎదురెదురుగ నిలిచినది లేదు. చర్మపు రంగు కారణముగ లాయిడ్ వంటివారికి పెద్ద లీగుల తలుపులు మూయబడి యుండెను. 1947 ఏప్రిల్ 15వ తేదీన జాకీ రాబిన్సను అడుగిడినప్పుడు గాని అవి తెరువబడలేదు. అప్పటికి లాయిడ్ అరువదిమూడవ యేట నుండెను. ఆట విడిచిన పిమ్మట అట్లాంటిక్ సిటీలో నొక బడియందు ఊడ్చి శుభ్రపరచు పని చేయుచు, అచ్చటి బాలురకు ప్రియుడై జీవించెను. 1949వ సంవత్సరమున ఆ పట్టణమువారు ఒక మైదానమునకు ఇతని పేరు పెట్టిరి. కీర్తిమందిరము ఇతనిని గుర్తించినది 1977లో. అప్పటికితడు గతించి పదేండ్లు దాటినది. తూకము వేయవలసినవారిలో సగముమందిని త్రాసు దగ్గరకు రానీయక, ఎవడు గొప్పవాడని తీర్పు చెప్పుట న్యాయమగునా? కావున షార్ట్ స్టాపులలో నెవడు శ్రేష్ఠుడను ప్రశ్నకు పూర్తియైన సమాధానము ఎవరును చెప్పజాలరని మా నిశ్చితాభిప్రాయము.

అట్లయినను వాగ్నరు చరిత్రమునే ఎన్నుకొని యేల వ్రాసితిమని మా చదువరులడుగవచ్చును. లెక్కలో కనబడని పనిని గౌరవించుట ఇతని జీవితము నేర్పుచున్నది. కొట్టిన పరుగులు పుస్తకమున కెక్కును; ఆపిన పరుగులు ఎచ్చటను వ్రాయబడవు. తల్లి ఇంట చేయు పనియు, ఉపాధ్యాయుడు బడిలో దిద్దిన తప్పులును అట్టివే. పండ్రెండవ యేట బడి మానిన గని కూలివాడు తన పొరపాట్లను దాచుకొనక, ఆరేండ్లు ఓపికతో కాచుకొని దిద్దుకొనెను; వృద్ధాప్యమున తన విద్యను పిన్నవానికి పంచియిచ్చెను; పిల్లలకు హానియగు వస్తువుపై తన ముఖము కనబడనీయలేదు. మన విద్యార్థులు సాయంకాలమున మైదానమున బంతి వెంట పరుగిడునప్పుడు, తమవైపునకు వచ్చు కష్టమైన బంతిని చూచి ప్రక్కకు తొలగక, పొరపాటు వ్రాయబడినను సరియేయని చేయి చాచుదురు గాక! అదియే హోనస్ వాగ్నరునకు మనము చేయదగిన సన్మానము.